లాగిన్ కాగానే వెనకాల లేచే సర్వీసులు: ఎవరు లేపారో పట్టుకోవడం, మీ సొంతది చేర్చడం

లినక్స్ డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కాక తెర సిద్ధమయ్యేలోపు మీ పేరు మీద బోలెడు ప్రాసెస్‌లు మొదలైపోతాయి. శబ్దం సంగతి చూసే పైప్‌వైర్, పాస్‌వర్డ్‌లు దాచే కీరింగ్, ఫైళ్లను వెతికి పట్టిక రాసుకునే ఇండెక్సర్, అప్‌డేట్లు వచ్చాయేమో చూసే చిన్న ప్రోగ్రామ్, ఇలా. వీటిలో ఒకదాన్ని ఆపాలన్నా, మీరు రాసుకున్న స్క్రిప్ట్‌ను వీటితో పాటు నడపాలన్నా, ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: దాన్ని లేపుతున్నది ఎవరు? ఆ సంగతి తేలకుండా సెట్టింగులు కెలికితే, ఒక దారిలో ఆపింది ఇంకో దారిలో మళ్లీ లేచి కూర్చుంటుంది.

ఒక చిన్న గమనిక. కమాండ్లు, ఫైల్ పేర్లు పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. యూనిట్ ఫైళ్లు (సర్వీస్ లాంటిదాన్ని ఎలా నడపాలో చెప్పేవి), ఆటోస్టార్ట్ ఫైళ్లలో వచ్చే సెట్టింగు పేర్లకు మాత్రం పెద్ద అక్షరాలుంటాయి, డిస్‌ప్లే లాంటి వేరియబుల్స్ పేర్లయితే మొత్తం పెద్ద అక్షరాలే. ఎగ్జెక్‌స్టార్ట్ అంటే అందులో ‘ఈ’, ‘ఎస్’ రెండూ పెద్దవే.

లాగిన్ వరస ఒకసారి చూద్దాం

పాస్‌వర్డ్ అడిగే తెర డిస్‌ప్లే మేనేజర్‌ది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో సాధారణంగా జీడీఎమ్, ప్లాస్మా డెస్క్‌టాప్‌లో ఎస్‌డీడీఎమ్, మరికొన్నిటిలో లైట్‌డీఎమ్. పాస్‌వర్డ్ సరైనదో కాదో తేల్చేది పామ్. ఆ పామ్ వరసలో పామ్_సిస్టమ్‌డీ అనే మాడ్యూల్ ఉంటుంది (సిస్టమ్‌డీ అంటే చాలా లినక్స్‌లలో సర్వీసుల్ని లేపి, చూసుకునే ప్రోగ్రామ్). ఫలానా యూజర్ వచ్చాడని, లాగిన్ల లెక్క చూసే లాగిన్‌డీకి కబురు పెట్టేది అదే. లాగిన్‌డీ సెషన్‌ను నమోదు చేసుకుంటుంది, /రన్/యూజర్/1000 అనే ఫోల్డర్ సిద్ధం చేయిస్తుంది, యూజర్@1000.సర్వీస్‌ను మొదలుపెట్టిస్తుంది. ఇక్కడ 1000 అనేది మీ యూజర్ నంబర్. చాలా డిస్ట్రోల్లో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో) మొదటి యూజర్‌కు ఇదే ఉంటుంది.

ఆ యూజర్@1000.సర్వీస్ అంటే మీకోసం విడిగా నడిచే ఇంకో సిస్టమ్‌డీ, దీన్నే యూజర్ మేనేజర్ అంటారు. మెషీన్ మొత్తాన్ని నడిపే ఒకటో నంబర్ ప్రాసెస్ వేరు, ఇది వేరు. ఇది మీ హక్కులతోనే నడుస్తుంది, మీ సర్వీసుల్నే చూసుకుంటుంది. దీని గురించి ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఇది యూజర్‌కు ఒకటే, సెషన్‌కు ఒకటి కాదు. మీరు తెర మీద లాగిన్ అయి, వేరే మెషీన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో కూడా వచ్చినా రెండు సెషన్లకూ ఒకే యూజర్ మేనేజర్. చివరి సెషన్ ముగిశాక, మామూలు సెట్టింగులతో 10 సెకన్లు ఆగి ఇది కూడా దిగిపోతుంది. లాగ్అవుట్ అయినా ఫలానా సర్వీస్ ఎందుకు చావలేదని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి జవాబు ఇక్కడే ఉంటుంది. ఎక్కడో ఒక ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ తెరిచే ఉండి ఉంటుంది.

యూజర్ మేనేజర్ లేవగానే డిఫాల్ట్.టార్గెట్ వైపు నడుస్తుంది (టార్గెట్ అంటే కొన్ని యూనిట్లను కలిపి లేపే మజిలీ). ఆ దారిలో సాకెట్లు (ప్రోగ్రాములు సర్వీసులను పిలిచే తలుపులు) తెరుచుకుంటాయి, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ చిరునామా /రన్/యూజర్/1000/బస్ అక్కడ పుడుతుంది. ఇదంతా అయ్యేసరికి తెర మీద మీ డెస్క్‌టాప్ ఇంకా లేదు. ఆ తర్వాతే గ్నోమ్ సెషనో ప్లాస్మానో మొదలై, తాను సిద్ధమవుతున్న కొద్దీ గ్రాఫికల్-సెషన్.టార్గెట్‌ను లేపుతుంది. డిఫాల్ట్.టార్గెట్ ముందు, గ్రాఫికల్-సెషన్.టార్గెట్ తర్వాత. సొంత సర్వీస్ రాసేటప్పుడు వచ్చే సగం తలనొప్పులు ఈ తేడా దగ్గరే పుడతాయి.

ఈ పద్ధతి మరీ పాతదేం కాదు. గ్నోమ్ 2019లో 3.34తో సెషన్‌ను సిస్టమ్‌డీ ద్వారా నడపడం మొదలుపెట్టింది. ప్లాస్మాలో 2022లో వచ్చిన 5.25 నుంచి ఇదే మామూలు దారి అయింది. సిస్టమ్‌డీ లేని డెవువాన్, వాయిడ్ లాంటి వాటిలో యూజర్ మేనేజర్ ఉండదు. అక్కడ కింద చెప్పే వాటిలో ఆటోస్టార్ట్ ఫైళ్లు, డీ-బస్ భాగం మాత్రమే పనికొస్తాయి.

ఏది ఎవరి కింద నడుస్తోందో చూడండి

టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టేటస్

ముందు సుడో పెట్టకండి. పెడితే అది మీ యూజర్ మేనేజర్‌ను కాక రూట్ యూజర్ మేనేజర్‌ను వెతుకుతుంది. చాలాసార్లు బస్‌కు కనెక్ట్ కాలేకపోయానని ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది.

వచ్చిన చెట్టులో మూడు పెద్ద కొమ్మలు కనబడతాయి. సెషన్.స్లైస్‌లో డెస్క్‌టాప్ బతకడానికి కావాల్సినవి, యాప్.స్లైస్‌లో మామూలు ప్రోగ్రాములు, బ్యాక్‌గ్రౌండ్.స్లైస్‌లో ఇండెక్సర్ లాంటి తీరుబడి పనులు. మీకు అనుమానం ఉన్న ప్రాసెస్ నంబర్ ముందే తెలిస్తే ఇంకా తేలిక. ఆ నంబర్ 4312 అనుకుందాం:

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టేటస్ 4312

ఆ ప్రాసెస్ ఏ యూనిట్‌కు చెందినదో నేరుగా చెబుతుంది. ఇక్కడ అసలు ఆధారం యూనిట్ పేరు. ఆ పేరును ఇలా చదవండి.

పేరు పైప్‌వైర్.సర్వీస్ లాగా మామూలుగా ఉంటే, దానికో యూనిట్ ఫైల్ ఉన్నట్టే. ‘యాప్-’తో మొదలై ‘@ఆటోస్టార్ట్.సర్వీస్’తో ముగిస్తే అది ఆటోస్టార్ట్ ఫోల్డర్‌లోని డెస్క్‌టాప్ ఫైల్ నుంచి పుట్టింది. ‘యాప్-’తో మొదలై చివర ఒక నంబర్, ‘.స్కోప్’ ఉంటే మెనూలో నొక్కి మీరే తెరిచిన ప్రోగ్రామ్ అయి ఉండే అవకాశం ఎక్కువ. పేరు ‘డీబస్-’తో మొదలైతే, లేదా ప్రాసెస్ డీబస్.సర్వీస్ కిందే వేలాడుతుంటే, వేరే ప్రోగ్రామ్ ఎవరో బస్ మీద పిలిస్తే లేచింది. ఈ రెండు రూపాలు ఎందుకంటే కొన్ని డిస్ట్రోలు డీబస్-బ్రోకర్ వాడతాయి, కొన్ని పాత డీబస్-డీమన్‌తోనే నడుస్తాయి. ఇవేవీ కాక, --యూజర్ తీసేసి అదే కమాండ్ కొడితే సెషన్-2.స్కోప్ లాంటి చోట కనబడిందా? అంటే యూజర్ మేనేజర్‌కు దానితో సంబంధం లేదు. లాగిన్ స్క్రిప్టో, విండో మేనేజర్ కాన్ఫిగ్ ఫైలో దాన్ని నేరుగా మొదలుపెట్టింది.

స్టేటస్‌లో ‘ట్రిగర్డ్‌బై’ అనే వరస కూడా చూడండి. పైప్‌వైర్‌కు అక్కడ పైప్‌వైర్.సాకెట్ అని ఉంటుంది. అంటే ఏదో ప్రోగ్రామ్ ఆ సాకెట్ తలుపు తట్టేదాకా సర్వీస్ లేవనక్కర్లేదు. లాగిన్ వేగంగా జరగడానికి ఈ ఏర్పాటే ఒక పెద్ద కారణం. అన్నిటినీ వరసగా లేపి ఎదురుచూడటం బదులు, సాకెట్లు మాత్రం తెరిచి పెట్టి, అవసరం పడినప్పుడు అవసరమైనదాన్ని లేపుతుంది.

ఆపాలంటే, లేపిన దారిలోనే ఆపండి

ప్రోగ్రామ్‌కు సొంత మీట ఉంటే ముందు దాన్నే వాడండి. ప్లాస్మాలో ఫైళ్లను ఇండెక్స్ చేసే బలూకు సిస్టమ్ సెట్టింగ్స్‌లోనే ఆపే చోటుంది. అది చాలు, యూనిట్ల జోలికి పోనక్కర్లేదు.

అలాంటి మీట లేకపోతే, ఆటోస్టార్ట్ నుంచి వచ్చేదాన్ని ఆపడం అన్నిటికన్నా సులువు. అందరికీ వర్తించే ఫైళ్లు /ఈటీసీ/ఎక్స్‌డీజీ/ఆటోస్టార్ట్‌లో ఉంటాయి, మీ ఒక్కరివి ~/.కాన్ఫిగ్/ఆటోస్టార్ట్‌లో. మొదటి చోటున్న ఫైల్‌ను చెరపకండి, తర్వాతి అప్‌డేట్‌లో తిరిగొస్తుంది. దాన్ని అదే పేరుతో రెండో చోటికి కాపీ చేసి లోపల

హిడెన్=ట్రూ

అని ఒక వరస చేర్చండి. పేరు ఒకటే అయితే మీ ఫోల్డర్‌లోని ఫైలే చెల్లుతుంది, హిడెన్ ఉన్న ఫైల్ లేనట్టే లెక్క. అదే ఫైల్‌లో ‘ఓన్లీషోఇన్’, ‘నాట్‌షోఇన్’ అన్న వరసలు కనబడితే అవి ఏ డెస్క్‌టాప్‌లో నడవాలి, ఎందులో వద్దు అన్నది చెప్పేవి. గ్నోమ్‌లో లేచేది ప్లాస్మాలో ఎందుకు లేవడం లేదన్న ప్రశ్నకు జవాబు తరచూ అక్కడే దొరుకుతుంది.

ఈ డెస్క్‌టాప్ ఫైళ్లను యూనిట్లుగా మార్చే పని 2020లో వచ్చిన సిస్టమ్‌డీ 246 నుంచి ఒక జెనరేటర్ చేస్తోంది. ఒకే ప్రోగ్రామ్ ఆటోస్టార్ట్ ఫైల్‌నూ, యూనిట్ ఫైల్‌నూ రెండిటినీ తెస్తే రెండుసార్లు లేవకుండా డెస్క్‌టాప్ ఫైల్‌లో ‘ఎక్స్-సిస్టమ్‌డీ-స్కిప్=ట్రూ’ అని రాస్తారు. మీకు అలాంటి ఫైల్ తగిలితే కంగారుపడకండి, ఆ ప్రోగ్రామ్ యూనిట్ దారిలో వస్తోందని అర్థం.

యూనిట్ ఫైల్ ఉన్నవాటికి డిసేబుల్ అనే కమాండ్ ఉంది. కానీ దాని మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. అది చేసేది ఒకటే, మీ ఫోల్డర్‌లో ఉన్న లింకును తీసేయడం. డిస్ట్రో ఆ సర్వీస్‌ను అందరు యూజర్లకూ ఎనేబుల్ చేసి ఉంటే లింకు /ఈటీసీ/సిస్టమ్‌డీ/యూజర్ కింద ఉంటుంది. మీ డిసేబుల్ దాన్ని తాకదు. ‘స్టాటిక్’ అని చూపించే యూనిట్లకైతే తీయడానికి లింకే ఉండదు, వేరే యూనిట్ వాటిని లాక్కొస్తుంది. సాకెట్ ఉన్న సర్వీస్‌ను స్టాప్ చేస్తే, లేపే సాకెట్ ఇంకా నడుస్తోందని సిస్టమ్‌డీయే హెచ్చరిస్తుంది, కాసేపటికి సర్వీస్ మళ్లీ లేస్తుంది. ఇలాంటివాటన్నిటికీ మందు మాస్క్:

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ మాస్క్ --నౌ ఫలానా.సర్వీస్

ఇది ఆ పేరుతో మీ ఫోల్డర్‌లో /డెవ్/నల్‌కు లింకు పెడుతుంది. ఇక ఎవరు పిలిచినా ఆ యూనిట్ లేవదు. సాకెట్ ఉంటే దాన్ని కూడా మాస్క్ చేయండి. మందు బలమైనదే, అందుకే పైప్‌వైర్, డీబస్, ఎక్స్‌డీజీ-డెస్క్‌టాప్-పోర్టల్ లాంటివాటి మీద ప్రయోగించకండి. పోర్టల్ పోతే ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాముల్లో ఫైల్ తెరిచే కిటికీలు పనిచేయవు. ఆ కిటికీకీ, మీరు ఆపినదానికీ సంబంధం ఉందని చటుక్కున తట్టదు కూడా.

బస్ మీద పిలుపుతో లేచేవాటి ఫైళ్లు /యుఎస్ఆర్/షేర్/డీబస్-1/సర్వీసెస్‌లో ఉంటాయి. లోపల ‘సిస్టమ్‌డీసర్వీస్’ అనే వరస ఉంటే అందులోని యూనిట్‌ను మాస్క్ చేస్తే సరిపోతుంది. ఆ వరస లేకపోతే ఫైల్‌ను ~/.లోకల్/షేర్/డీబస్-1/సర్వీసెస్‌లోకి కాపీ చేసి, ‘ఎగ్జెక్’ దగ్గర /బిన్/ఫాల్స్ అని పెట్టండి. ‘నేమ్’ వరసను మాత్రం మార్చకండి.

మీ సొంత సర్వీస్ చేర్చడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. 20 నిమిషాలకోసారి తెర మీద చిన్న కిటికీ తెరిచి ‘కళ్లకు విరామం’ అని చూపే స్క్రిప్ట్ మీ దగ్గరుంది, కిటికీ కోసం జెనిటీ వాడుతోంది. స్క్రిప్ట్ హోమ్‌లోని బిన్ ఫోల్డర్‌లో ఉంది, నడిచే అనుమతి ఇచ్చారు. ఇప్పుడు ~/.కాన్ఫిగ్/సిస్టమ్‌డీ/యూజర్ ఫోల్డర్ లేకపోతే సృష్టించి, అందులో విరామం.సర్వీస్ అనే ఫైల్ పెట్టండి:

[యూనిట్]
డిస్క్రిప్షన్=కళ్లకు విరామం
పార్ట్ఆఫ్=గ్రాఫికల్-సెషన్.టార్గెట్
ఆఫ్టర్=గ్రాఫికల్-సెషన్.టార్గెట్

[సర్వీస్]
ఎగ్జెక్‌స్టార్ట్=%హెచ్/బిన్/విరామం
రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్
రీస్టార్ట్‌సెక్=5

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=గ్రాఫికల్-సెషన్.టార్గెట్

‘%హెచ్’ అంటే మీ హోమ్ ఫోల్డర్. అక్కడ ~ గుర్తు పెడితే కుదరదు, ఎందుకంటే ఈ వరసను షెల్ చదవదు. రీస్టార్ట్‌సెక్ రాయకపోతే సిస్టమ్‌డీ 100 మిల్లీసెకన్లే ఆగి మళ్లీ లేపుతుంది. మొదట్లోనే పడిపోయే స్క్రిప్ట్ అయితే 10 సెకన్లలో 5 సార్లు లేపి, ఆ తర్వాత ఇక నావల్ల కాదని వదిలేస్తుంది. 5 సెకన్ల ఎడం ఇస్తే డెస్క్‌టాప్ కుదురుకునే వ్యవధి దొరుకుతుంది.

పార్ట్ఆఫ్ వరసను చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే మీరు లాగ్అవుట్ అయినా, వేరే సెషన్ ఒకటి మిగిలి ఉన్నంతకాలం సర్వీస్ నడుస్తూనే ఉంటుంది. మళ్లీ లాగిన్ అయ్యేసరికి పాత తెర చిరునామా పట్టుకుని వేలాడుతుంటుంది. పార్ట్ఆఫ్ ఉంటే గ్రాఫికల్ సెషన్ దిగగానే ఇదీ దిగుతుంది.

ఇక వాంటెడ్‌బై. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో సగానికి ఇక్కడ మల్టీ-యూజర్.టార్గెట్ అని ఉంటుంది. అది మెషీన్ మొత్తానికి సంబంధించిన సిస్టమ్‌డీలో ఉండే టార్గెట్, మీ యూజర్ మేనేజర్‌లో ఆ పేరుతో ఏమీ లేదు. ఎనేబుల్ చేస్తే లింకు పెట్టేస్తుంది, లాగిన్ అయినప్పుడు మాత్రం ఏమీ జరగదు. నెట్‌వర్క్ కోసం ఆఫ్టర్=నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ అని రాసినా ఇదే కథ. యూజర్ యూనిట్లు సిస్టమ్ యూనిట్ల కోసం ఎదురుచూడలేవు. నెట్ కావాల్సిన స్క్రిప్ట్ అయితే, నెట్ దొరికేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు స్క్రిప్ట్‌లోనే పెట్టుకోవాలి.

ఫైల్ భద్రపరిచాక:

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ డీమన్-రీలోడ్
సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ ఎనేబుల్ --నౌ విరామం.సర్వీస్

ఫైల్ మార్చిన ప్రతిసారీ డీమన్-రీలోడ్ కొట్టాలి. లేదంటే సిస్టమ్‌డీ పాత ఫైల్‌నే గుర్తుపెట్టుకుని నడుస్తుంది.

తెరతో పనిలేని సర్వీస్ అయితే, ఉదాహరణకు ఫోల్డర్లను వేరే మెషీన్‌తో సింక్ చేసేది అనుకోండి, వాంటెడ్‌బై దగ్గర డిఫాల్ట్.టార్గెట్ పెట్టండి, పార్ట్ఆఫ్ తీసేయండి. అది మీరు లాగిన్ కాకుండానే, మెషీన్ బూట్ కాగానే నడవాలంటే ‘లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్’ కొట్టండి. అప్పటి నుంచి మీ యూజర్ మేనేజర్ బూట్‌తోనే లేస్తుంది, లాగ్అవుట్‌తో దిగదు. గ్రాఫికల్-సెషన్.టార్గెట్ మాత్రం మీరు తెర మీద లాగిన్ అయ్యేదాకా లేవదు. కాబట్టి విరామం సర్వీస్‌కు దీనివల్ల ఇబ్బంది లేదు.

‘టెర్మినల్‌లో నడుస్తుంది, సర్వీస్‌గా నడవదు’

ఇది తరచూ వినే ఫిర్యాదు. దాదాపు ప్రతిసారీ కారణం ఎన్విరాన్‌మెంట్, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి అందే వేరియబుల్స్. టెర్మినల్ మీ .బాష్‌ఆర్‌సీ చదువుతుంది, యూజర్ మేనేజర్ చదవదు. మీరు అక్కడ పాత్‌కు (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాకు) చేర్చుకున్న ఫోల్డర్లు, పెట్టుకున్న వేరియబుల్స్ సర్వీస్‌కు తెలియవు. యూజర్ మేనేజర్ దగ్గర ఏమున్నాయో చూడాలంటే:

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ షో-ఎన్విరాన్‌మెంట్

అందులో డిస్‌ప్లే, వేలాండ్_డిస్‌ప్లే అనేవి కనబడుతున్నాయో లేదో చూడండి. లేకపోతే జెనిటీకి కిటికీ ఎక్కడ తెరవాలో తెలియక, డిస్‌ప్లే తెరవలేకపోయానని చెప్పి ఆగిపోతుంది. గ్నోమ్, ప్లాస్మా వాటిని తామే యూజర్ మేనేజర్‌కు అందిస్తాయి, కానీ సెషన్ మొదలయ్యాకే. డిఫాల్ట్.టార్గెట్ అప్పటికే దాటిపోయి ఉంటుంది. విరామం సర్వీస్‌ను గ్రాఫికల్-సెషన్.టార్గెట్‌కు కట్టింది అందుకే.

మీ సొంత వేరియబుల్స్ అన్ని సర్వీసులకూ అందాలంటే ~/.కాన్ఫిగ్/ఎన్విరాన్‌మెంట్.డీ ఫోల్డర్‌లో .కాన్ఫ్‌తో ముగిసే ఫైల్ పెట్టి, వరసకొకటి ‘పేరు=విలువ’ అని రాయండి. ఎక్స్‌పోర్ట్ అన్న పదం అక్కడ అక్కర్లేదు. ఒక్క సర్వీస్‌కే అయితే యూనిట్ ఫైల్‌లో ‘ఎన్విరాన్‌మెంట్=’ వరస చాలు.

సర్వీస్ ఏం వాగిందో చూడటానికి:

జర్నల్‌సీటీఎల్ --యూజర్ -యు విరామం.సర్వీస్ -బి

చివరి ‘-బి’ ఈ బూట్ తర్వాతివే చూపమని. ‘-ఎఫ్’ చేర్చి కిటికీ తెరిచి ఉంచి, పక్క టెర్మినల్‌లో సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే తప్పు ఎక్కడుందో కళ్లముందే కనబడుతుంది. మొత్తం లాగిన్ నెమ్మదిగా అనిపిస్తే ‘సిస్టమ్‌డీ-అనలైజ్ --యూజర్ బ్లేమ్’ ఏ యూనిట్ ఎంతసేపు పట్టిందో వరస పెట్టి ఇస్తుంది. అందులో పైనున్నదే దోషి అనుకోకండి. పక్కపక్కన నడిచేవి ఎంతసేపు తీసుకున్నా మిగతావాటికి అడ్డం రావు. ‘క్రిటికల్-చైన్’ కూడా చూశాకే తీర్పు ఇవ్వండి.

స్వే, ఐత్రీ లాంటివి వాడేవారికి

మామూలుగా మొదలుపెట్టిన ఈ చిన్న విండో మేనేజర్లు గ్రాఫికల్-సెషన్.టార్గెట్‌ను తామై లేపవు. పైన రాసిన విరామం.సర్వీస్ ఇక్కడ ఎనేబుల్ అయి కూడా నిద్రపోతూనే ఉంటుంది. ఆ టార్గెట్‌ను చేత్తో స్టార్ట్ చేద్దామన్నా ఒప్పుకోదు, అలా చేయకూడదని దాని ఫైల్‌లోనే రాసి ఉంది. దారి ఏమిటంటే, మీ యూజర్ ఫోల్డర్‌లో స్వే-సెషన్.టార్గెట్ అనే ఫైల్ పెట్టి, దాని [యూనిట్] కింద ‘బైండ్స్‌టు=గ్రాఫికల్-సెషన్.టార్గెట్’ అని రాయడం. ఆపైన స్వే కాన్ఫిగ్ చివర రెండు పనులు చేయించండి. ముందు ‘డీబస్-అప్‌డేట్-యాక్టివేషన్-ఎన్విరాన్‌మెంట్ --సిస్టమ్‌డీ’ కమాండ్‌తో డిస్‌ప్లే, వేలాండ్_డిస్‌ప్లే, ఎక్స్‌డీజీ_కరెంట్_డెస్క్‌టాప్ వేరియబుల్స్ అందించాలి, తర్వాత స్వే-సెషన్.టార్గెట్‌ను స్టార్ట్ చేయాలి. ఈ వరస తారుమారైతే సర్వీసులు తెర చిరునామా తెలియకుండానే లేస్తాయి. రెండిటినీ ఒకే ఎగ్జెక్ వరసలో && గుర్తుతో కలపడం మేలు, విడివిడిగా రాస్తే ఏది ముందు ముగుస్తుందో హామీ లేదు.

చేయి జారితే

మాస్క్ చేసినదాని వల్ల డెస్క్‌టాప్ రావడం మానేసి, లాగిన్ తెరకే తిప్పి కొడుతోందనుకోండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లటి టెర్మినల్ వస్తుంది, అక్కడ మీ పేరుతోనే లాగిన్ కండి. యూజర్ మేనేజర్ ఇక్కడ కూడా అదే కాబట్టి పై కమాండ్లన్నీ పనిచేస్తాయి. ‘సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ --ఫెయిల్డ్’ పడిపోయినవాటిని చూపుతుంది. ‘సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ లిస్ట్-యూనిట్-ఫైల్స్ --స్టేట్=మాస్క్‌డ్’ మాస్క్ అయినవాటిని చూపుతుంది. వాటిలో కొన్ని డిస్ట్రోనే మాస్క్ చేసి ఉండవచ్చు, మీరు పెట్టిన లింకులు మాత్రం ~/.కాన్ఫిగ్/సిస్టమ్‌డీ/యూజర్‌లో కనబడతాయి. వాటిని ఒక్కొక్కటిగా అన్‌మాస్క్ చేసి, అక్కడి నుంచి ఎగ్జిట్ కొట్టి, డిస్‌ప్లే మేనేజర్ ఉన్న తెరకు తిరిగి వెళ్లండి. డిస్ట్రోను బట్టి అది ఎఫ్1, ఎఫ్2, ఎఫ్7లలో ఎక్కడైనా ఉండవచ్చు. లాగిన్ అయ్యేముందు ఒక 10 సెకన్లు ఆగండి, పాత యూజర్ మేనేజర్ పూర్తిగా దిగాక కొత్తది శుభ్రంగా లేస్తుంది. లింగర్ పెట్టుకుని ఉంటే అది దిగదు కాబట్టి మెషీన్‌నే రీబూట్ చేయండి.